మాట లేని ముద్ద

రైలు గేటు అవతలి ఇల్లు,
సోమవారం

వదిన గారికి,

మీరు పంపిన పుస్తకం అందింది. కవరు మీద రాత చూడగానే పంపింది మీరేనని తెలిసింది. కాగితం చిరిగేలా ఒత్తి రాసేవాళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు. ‘మన కుక్కల శిక్షణ క్లబ్బు – పుట్టుపూర్వోత్తరాలు’. అట్ట బాగుంది. అక్కడితో ఆగిపోయుంటే నాకు ఈ ఉత్తరం రాసే పని తప్పేది.

మొదటి ఫొటో చూశాను. మూతబడిన సబ్బుల ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలం, గడ్డం కూడా సరిగ్గా రాని అన్నయ్య, పక్కన కుక్క, దాని మెడకి తాడు. తాడు పట్టుకున్న చెయ్యి ఒకటుంది. మణికట్టు దాకా ఉంచి మిగతా మనిషిని కత్తిరించి పారేశారు. ఆ చెయ్యి నాదేనని మీకూ తెలుసు. చెయ్యి కూడా తీసేస్తే తాడు గాల్లో వేలాడుతుందని ఉంచినట్టున్నారు.

క్లబ్బు ఎందుకు పుట్టిందో రాయించారు కదా, సగమే రాయించారు. ఆ రోజుల్లో దొంగలు విషం కలిపిన మాంసం ముద్దలు గోడ మీంచి విసిరి, కుక్క పడిపోయాక ఇల్లు దోచుకునేవాళ్ళు. మా కుక్కా అలాగే పోయింది. దాని పక్కన కూర్చుని ఏడ్చింది అన్నయ్యా నేనూ. ఇంకోదాన్ని తెచ్చుకుని, పరాయివాళ్ళు ఏం పెట్టినా ముట్టకుండా నేర్పింది ఇద్దరం. ప్రతి కుక్కకీ ఒక రహస్యపు మాట ఉండాలి, యజమాని చెవిలో ఆ మాట చెబితేనే అది గిన్నెలో మూతి పెట్టాలి, ఆ మాట కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పకూడదు అని నియమం పెట్టింది ఇద్దరం. మీ పుస్తకంలో ‘ఇద్దరం’ కాస్తా ‘ఆయన’ అయిపోయింది.

అదీ మింగేస్తాను. చివరి పేజీ మాత్రం మింగలేను. ‘నియమాన్ని ధిక్కరించి ఒక సభ్యురాలు నేర్పిన సైగ వల్ల, దర్జీ గారి కుక్క గుండీ విషాహారం తిని చనిపోయింది’ అని వేశారు. దర్జీ పుట్టు మూగ, చెవులు వినబడతాయి గానీ మాట రాదు. అతను కుక్క చెవిలో ఏ మాట చెబుతాడు? అందుకే మాట బదులు సైగ నేర్పాను. గుండీ తిన్నది ఎవరో విసిరిన ముద్ద కాదు, పక్క గోడౌనులో మందు పెట్టి చంపిన ఎలకని. ఎలకని తినడానికి ఏ కుక్కా ఎవరి అనుమతీ అడగదు. ఆ రోజే అన్నయ్యకి చెప్పాను. ఆయన వినలేదు. మెంబర్లందరి ముందూ లేచి, కుక్కని చంపింది నా సైగేనని చెప్పి నన్ను గేటు బయటికి పంపాడు. దర్జీ ఆ మాట నమ్మాడు. అప్పటి నుంచి అతను ఇంకో కుక్కని పెంచలేదు. నేను ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్కకి పోతాడు.

అన్నయ్య నన్ను వెలేసినందుకు కాదు వదిన గారూ, దర్జీ రోడ్డు దాటినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఆ పేజీ తీసేసి నిజం వేయించండి.

ఇట్లు,
పుస్తకంలో మణికట్టు దాకా ఉన్న మనిషి


క్లబ్బు ఆఫీసు గది,
ఆదివారం

ఆడపడుచు గారికి,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాసి మంచి పని చేశారు. మీ గొంతు వింటే నాకు తల తిరుగుతుంది. జవాబు కూడా రైలు గేటు కాసే మన తాత చేతే పంపుతున్నాను. ఇకనుంచి ఏమున్నా ఇలాగే కానివ్వండి.

ఫొటో సంగతికొస్తే, పేజీలో చోటు చాలక కత్తిరించారు. మీరు మనసులో ఏం ఊహించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

చివరి పేజీలో అక్షరం కూడా మారదు. మాట అయితే చెవిలో పడుతుంది, అక్కడితో సరి. సైగ అయితే గోడెక్కి చూసిన ప్రతివాడికీ కనబడుతుంది, చూసినవాడు చెయ్యగలడు. మీ అన్నయ్య ఆ రోజు సభలో చెప్పింది ఇదే. పసిపిల్లకి కూడా అర్థమయ్యే ఈ సంగతి మీకు ఇన్నేళ్ళయినా అర్థం కాలేదంటే మేమేం చేస్తాం? పేరు వెయ్యకుండా ‘ఒక సభ్యురాలు’ అని ఊరుకున్నాం. దానికి మీరు మాకు దణ్ణం పెట్టాలి.

నేను ఈ ఇంటికి వచ్చేసరికి మీ ఇద్దరూ తాళ్ళూ డబ్బాలూ పట్టుకుని తిరిగే పిల్లలు. దాన్ని క్లబ్బు చేసింది నేను. కంచె నేను వేయించాను, రేకుల షెడ్డు నేను వేయించాను, వర్షం పడితే బురదలో గడ్డపార పట్టుకుని కాలవ తవ్వింది నేను. ఆదివారం పొద్దున కుక్కలన్నీ గిన్నెల ముందు వరసగా కూర్చుని మాట కోసం చెవులు రిక్కించే ఆ దృశ్యం ఉంది చూశారా, దాని వెనక నా నడుం నొప్పి ఉంది. ఆ పుస్తకంలో నా ఫొటో ఎక్కడుందో వెతికారా? ఎక్కడా లేదు. నేను ఏడుస్తూ ఉత్తరాలు రాశానా?

ఇట్లు,
మీ వదిన


రైలు గేటు అవతలి ఇల్లు,
వానలు మొదలైన వారం

వదిన గారికి,

పుస్తకం తిప్పి పంపుతున్నాను. చివరి పేజీ లేదు, వెతక్కండి. మా గేదెల కొట్టంలో నీళ్ళు కారే చోట అంటించాను. మొదటిసారి అది ఒక పనికొచ్చింది.

మీ నడుం నొప్పికి మందు రాసుకోండి. నేను నొప్పి గురించి అడగలేదు, అబద్ధం గురించి అడిగాను. అన్నయ్యని ఒక్కసారి నా కళ్ళలోకి చూసి ‘గుండీని చంపింది నీ సైగే’ అనమనండి. ఆ రోజు సభలో కూడా ఆయన నావైపు చూడలేదు, షెడ్డు రేకుల వైపు చూసి చెప్పాడు.

ఇట్లు,
ఆడపడుచు


ఆసుపత్రి వరండా,
శుక్రవారం

ఆడపడుచు గారికి,

మీకు రాయాల్సి వస్తుందని అనుకోలేదు. రాస్తున్నాను కాబట్టి చదవండి.

మీ అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. ప్రాణానికి భయం లేదంటున్నారు డాక్టర్లు. మాట ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేమంటున్నారు. పలక ఇస్తే ఎడమ చేత్తో గీతలు తప్ప అక్షరం పడటం లేదు.

ఇది మీకు చెప్పి ఓదార్పు పొందుదామని కాదు. అక్కడ ఇంటి దగ్గర బొగ్గుగాడు ముద్ద ముట్టడం లేదు. బొగ్గు అంటే ఆయన నల్ల కుక్క, మీరు వెళ్ళిపోయాక తెచ్చుకున్నది. గిన్నె ముందు కూర్చుంటాడు, చొంగ కారుతూ ఉంటుంది, మూతి మాత్రం పెట్టడు. వాడి మాట ఏమిటో ఆయన ఒక్కడికే తెలుసు. నియమం మీరే పెట్టారుగా, పెళ్ళానికి కూడా చెప్పకూడదని.

మెంబర్లందరూ వచ్చి ప్రయత్నించారు. మా ఇంటి వాకిట్లో చిన్న తిరునాళ్ళు జరుగుతోంది. పోస్టాఫీసు ఆవిడ మీ అమ్మగారి పేరు చెప్పి చూసింది. సైకిలు షాపు ఆయన వరసగా సినిమా హీరోయిన్ల పేర్లు చదివాడు, ఆయనకి అన్ని తెలుసని ఆ రోజే తెలిసింది. రిటైరైన మాస్టారు నిఘంటువు పట్టుకొచ్చి ‘అ’ నుంచి మొదలుపెట్టి గొంతు పోగొట్టుకున్నాడు. బొగ్గుగాడు అందరి మొహాల వైపూ చూసి, గిన్నె వైపు చూసి, కూర్చున్నచోటే కూర్చున్నాడు. కుక్కల డాక్టరు సెలైన్ ఎక్కిస్తున్నాడు. సిరంజితో నోట్లో పోస్తే కక్కేస్తున్నాడు. పక్కటెముకలు బయటికొచ్చాయి.

ఆ మాట మీకు తెలిసుంటుంది. మీ ఇద్దరికీ చిన్నప్పటి నుంచి గుసగుసలు ఎక్కువ. ఏదో ఒక మాట, ఒక ముద్దుపేరు, ఏదైనా గుర్తొస్తే రాసి తాత చేతికివ్వండి. వాడు నిలబడాలంటే కాళ్ళు వణుకుతున్నాయి.

మీరు ఆసుపత్రికి రావద్దు. మిమ్మల్ని చూస్తే ఆయనకి ఒత్తిడి పెరుగుతుంది.

ఇట్లు,
మీ వదిన


రైలు గేటు అవతలి ఇల్లు,
అదే శుక్రవారం

వదిన గారికి,

అన్నయ్య పడిపోయాడని నాకు తెలియాలంటే ముందు ఆయన కుక్క పస్తు ఉండాలన్నమాట. కుక్క లొట్టలేసుకుంటూ తినుంటే నాకు కబురే ఉండేది కాదు. ఉత్తరం చదివి గడప మీద కూర్చుండిపోయాను. గేటు తాత మంచినీళ్ళిచ్చాడు. రక్తసంబంధం అన్న మాట ఆయనకి గుర్తుంది, మీకు లేదు.

మాట నాకు తెలియదు. బొగ్గుగాణ్ణి నేను చూడనే లేదు. నేను బయటికి పోయాక వచ్చిన కుక్కకి ఆయన ఏ మాట పెట్టుకున్నాడో నేను కలగనాలా?

కానీ ఒక దారి ఉంది. కుక్కకి పాత మాట మరిపించి కొత్తది నేర్పే పద్ధతి ఒకటి నాకు తెలుసు. కష్టమే, అయినా నా చేత అవుతుంది. నేను వస్తాను. రావాలంటే ముందు ఒక పని చెయ్యండి. ఈ ఆదివారం మెంబర్లందరి ముందు, దర్జీ ఉండగా, గుండీని చంపింది నా సైగ కాదని చెప్పండి. అన్నయ్య చెప్పలేడు కాబట్టి మీరు చెప్పాలి. చెప్పారని తాత వచ్చి నాతో అంటే, ఆ క్షణమే బయల్దేరతాను.

ఇట్లు,
ఆడపడుచు


ఇల్లు,
శనివారం

ఏమే,

మీరూ గారూ అనే ఓపిక నాకిక లేదు. కుక్క ప్రాణం పోతుంటే బేరం పెడతావా? ఇదా నువ్వు కుక్కల్ని ప్రేమించడం? ఆదివారం దాకా వాడు ఉంటాడో లేదో తెలియక నేను ఇంటికీ ఆసుపత్రికీ మధ్య పిచ్చిదానిలా తిరుగుతుంటే, నీకు సభా, మెంబర్లూ, దర్జీ కావాలి!

చెప్పను. చచ్చినా చెప్పను. నా మొగుడు సభలో చెప్పింది అబద్ధమని నేను సభలో చెప్పనా? ఆయన నోరు పడిపోయిన సమయం చూసుకుని ఆయన మాటని కాదనిపించాలని చూస్తున్నావు.

నీ మనసు చల్లబడేలా ఇంకొకటి చెబుతాను విను. ఆయనకి నేను కూడా అక్కర్లేకుండా పోయాను. మంచం పక్కన కూర్చుంటే బాగున్న ఆ ఎడమ చేతిని పరుపు మీద బోర్లా వేసి రెండు సార్లు తడతాడు, తట్టి మొహం గోడ వైపు తిప్పేసుకుంటాడు. నేను ఇంటి నుంచి వచ్చి కూర్చోగానే అదే. దుప్పటి కావాలేమోనని సర్దాను. లైటు ఆపమంటున్నాడేమోనని ఆపాను. అది కాదు. మళ్ళీ తట్టడం, మళ్ళీ మొహం తిప్పుకోవడం. నర్సు కూడా గమనించి నా వైపు జాలిగా చూస్తోంది. ఇన్నేళ్ళ కాపురం తర్వాత, కళ్ళు తెరిచిన మనిషి పెళ్ళాన్ని చూసి పొమ్మన్నట్టు చెయ్యి కొట్టి గోడ వైపు తిరుగుతున్నాడు. ఇప్పుడు సంతోషమేనా? పండగ చేసుకో.

బొగ్గుగాడు ఈ పూట లేచి నిలబడలేదు. గిన్నె దగ్గరే తల నేల మీద పెట్టి పడుకున్నాడు.

నీ జవాబు నాకక్కర్లేదు.


రైలు గేటు అవతలి ఇల్లు,
శనివారం

వదినా,

తాతని సైకిలు దిగనివ్వకుండానే ఇది రాసి ఇస్తున్నాను. షరతు లేదు, ఏమీ లేదు. ముందు ఇది చేసి తర్వాత నన్ను తిట్టుకో.

బొగ్గుగాడికి మాట లేదు.

గిన్నెలో కోడిమాంసం వేసి వాడి ముందు పెట్టు. వాడి పక్కనే నేల మీద కూర్చో, నిలబడి చెయ్యకు. అరచేతిని నేల మీద బోర్లా వేసి మెల్లగా రెండుసార్లు తట్టు. తట్టాక వాడి వైపు చూడకుండా మొహం పూర్తిగా పక్కకి తిప్పుకో. అలాగే ఉండు. ఒక్క మాట కూడా మాట్లాడకు. నీకది కష్టమని తెలుసు.

ఇది నేను దర్జీకి నేర్పిన సైగ. అతను కుట్టేటప్పుడు బల్ల మీద గుడ్డని అరచేత్తో అదిమి సాపు చేసి, దారం కోసం మొహం కిటికీ వైపు తిప్పుతాడు, ఎప్పుడైనా చూశావా? అందులోంచే తీశాను. గోడెక్కి ఎవడు చూసినా గుడ్డ సర్దుతున్నాడనే అనుకోవాలని. మొహం తిప్పుకోవడం అంటే, ఈ ముద్దకి నేను కాపలా లేను, నీదే, తిను అని.

అన్నయ్య నిన్ను పొమ్మనడం లేదు వదినా. నువ్వు ఇంటి దగ్గర్నుంచి రాగానే అలా చేస్తున్నాడంటే, కుక్కకి ఎలా పెట్టాలో నీకు చెబుతున్నాడు. ఆయనకి మిగిలింది ఆ ఒక్క చెయ్యి, దాంతో చెప్పగలిగింది అదే.

ముందు కొంచెమే పెట్టు. ఖాళీ కడుపుకి ఎక్కువ పెడితే కక్కేస్తాడు.


ఇల్లు,
సోమవారం

ఆడపడుచుకి,

ఒకసారి ‘నువ్వు’ అన్నాక మళ్ళీ ‘మీరు’ అనడం నా వల్ల కాదు.

తిన్నాడు. తలుపులన్నీ వేసుకుని, ఎవరూ చూడకుండా చేశాను. నేల మీద కూర్చోవడానికి నా మోకాళ్ళు ఒప్పుకోలేదు, అయినా కూర్చున్నాను. తట్టి మొహం తిప్పుకున్నాను. మొదట ఏమీ వినబడలేదు. తర్వాత గిన్నె నేల మీద జరిగిన చప్పుడు వినబడింది. నేను ఏడవలేదు. గిన్నె కడిగి బోర్లించి పెట్టాను.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి ఆదివారం ఆయన వంగి బొగ్గుగాడి చెవి దగ్గర పెదాలు కదిపేవాడు, అందరం ఆ పెదాల వైపే చూసేవాళ్ళం. ఎడమ చెయ్యి నేల మీద ఉండేది. మోకాళ్ళ నొప్పికి ఆనుకున్నాడనుకునేదాన్ని.

నువ్వు ఏదో గెలిచానని అనుకుంటావని, నిన్న క్లబ్బులో నేనే ముందు తేల్చేశాను. బొగ్గుగాణ్ణి మోయించుకెళ్ళి, అందరి ముందూ ఆ సైగ చేసి తినిపించాను. మా ఆయన ఎన్నో ఏళ్ళుగా ఇంట్లో పరీక్షించి, తన సొంత కుక్కకే నేర్పుకున్న పద్ధతి ఇదని చెప్పాను. మాట కంటే ఇదే భద్రమని ఆయన నమ్మాడని, లేకపోతే ప్రాణానికి ప్రాణమైన కుక్కకి ఎందుకు నేర్పుతాడని చెప్పాను. చప్పట్లు కొట్టారు. మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు. నీ పేరు ఎత్తలేదు. నీ తరఫున ఏదీ చెప్పనని ముందే అన్నాను, నేను అన్నమాట మీద నిలబడే మనిషిని.

దర్జీ ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. క్లబ్బు కుక్కల కోసం కుట్టి తెచ్చిన మెడ బెల్టులు బల్ల మీద పడేసి, మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. మర్యాద తెలియని మనిషి.

మీ అన్నయ్య అలాగే ఉన్నాడు. చెయ్యి తట్టడం ఇంకా మానలేదు, అది అలవాటుగా పడిపోయినట్టుంది. దుప్పటి సర్ది ఊరుకుంటున్నాను. కుక్క సంగతి ఆయన దగ్గర ఎత్తలేదు. ఎత్తితే ఆ సైగ ఎవరు చెప్పారనే దాకా వస్తుంది.

ఉపకారం చేశావు కాబట్టి థాంక్స్. ఇక ఉత్తరాలు చాలు.

వదిన


రైలు గేటు అవతలి ఇల్లు,
మంగళవారం

వదినా,

ఇదే చివరిది. చదివి పొయ్యిలో వేసుకో.

నా పేరు ఎత్తకుండా, నా సైగని మీ ఆయన ఖాతాలో వేసి చప్పట్లు కొట్టించుకున్నావు. ఆ చప్పట్లు నువ్వే ఉంచుకో. ఆ వెళ్ళిపోయిన దర్జీ ఎక్కడికి వెళ్ళాడో చెబుతాను విను. రైలు గేటు దాటి తిన్నగా మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ నన్ను చూస్తే రోడ్డు దాటే మనిషి, నా గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. నేల మీద కూర్చుని అరచెయ్యి బోర్లా వేసి తట్టాడు, మొహం తిప్పుకున్నాడు. తర్వాత మళ్ళీ నావైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. ఇన్నేళ్ళూ నా సైగే తన గుండీని చంపిందనుకున్నాడు. సైగ చంపుతుందని మీ ఆయనే నమ్మలేదని మొన్న నీ నోటి నుంచే విన్నాడు. ఆ మాట నువ్వు చెప్పనన్నావు, చచ్చినా చెప్పనన్నావు. ఊరంతా వినేలా చెప్పావు. ఇంతకన్నా నీకు వడ్డించాల్సింది నా దగ్గర లేదు.

దర్జీ రేపు ఒక కుక్కపిల్లని తెచ్చుకుంటున్నాడు. మా కొట్టం పక్కన స్థలం చదును చేస్తున్నాను. నీ గేటు నాకు అక్కర్లేదు.

అన్నయ్య సంగతి. సభలో రేకుల వైపు చూస్తూ నన్ను హంతకురాల్ని చేసి, ఇంటికెళ్ళి అదే సైగ తన కుక్కకి నేర్పుకున్నాడు. అంటే ఆ రోజే తెలుసు ఆయనకి. తెలిసి, ఇన్నేళ్ళలో ఒక్కసారి రైలు గేటు దాటి రాలేకపోయాడు. నువ్వు చేసిందానికి నాకు కోపమే వచ్చింది. ఆయన చేసిందానికి అన్నం సహించడం లేదు. క్షమించానని మాత్రం ఆయనతో చెప్పకు, క్షమించలేదు. ఆసుపత్రికి రావద్దన్నావు, రాను.

కానీ ఆ దుప్పటి సర్దడం ఆపు. అది అలవాటు కాదు. తను పడిపోయిన రోజు నుంచి ఆయన కుక్క పస్తున్నట్టే ఆయన లెక్క. నువ్వు నా పేరు చెప్పాల్సి వస్తుందని నోరు మూసుకుని కూర్చుంటే, ఆయన అక్కడ పరుపు మీద పొద్దస్తమానం ఆ కుక్కకి ముద్ద పెడుతూనే ఉంటాడు. నేనే చెప్పానని చెప్పు, చెప్పకపో, అది నీ ఇష్టం. ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టి, లేచి, ఆయన మంచం దగ్గరికి వెళ్ళి, గోడ వైపు తిరిగిన ఆ మొహాన్ని ఇటు తిప్పి, బొగ్గుగాడు తిన్నాడని చెప్పు.